కన్హార్ నేలలో పదకొండు కేవీ: ఒక కేబుల్ ఆత్మకథ

ఒంట్లో ఎరుపు, పసుపు, నీలం అంటూ మూడు కోర్లున్నాయి కాబట్టి, తన కథ తానే చెప్పుకుంటున్నా ఇది ‘నేను’ అనదు. ‘ఈ కేబుల్’ అంటుంది. ఉండేది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, రోడ్డు వారన, 90 సెంటీమీటర్ల లోతున. 11 కేవీ ఎక్స్‌ఎల్‌పీఈ రకం. ఒక్కో కోరు 185 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం. దాని మీద ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్, రాగి టేపు, మూడింటినీ కలిపి చుట్టిన ఇనుప పట్టీల ఆర్మరు, ఆపైన నల్లటి పీవీసీ తొడుగు. కింద ఇసుక, పైన ఇసుక, ఆ పైన ఇటుకలు. మధ్యమధ్య రోడ్డు పక్కన పాతిన రూట్ మార్కర్లు చూసి ఇక్కడ కేబుల్ ఉందని జనం తెలుసుకుంటారు.

బిలాస్‌పూర్ అంటే రైళ్ల ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లోనే ఇది పెద్ద జంక్షన్. 2003 ఏప్రిల్ నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రం. కోర్బా బొగ్గు కదిలేది ఈ పట్టాల మీదే. ఊరికి దగ్గర్లోనే సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన కుటుంబాలు తరాలుగా ఈ కాలనీల్లో ఉన్నాయి. అందుకే ఈ కేబుల్ తన మీద జరిగిన చర్చలు సగం హిందీలో, సగం ఉత్తరాంధ్ర తెలుగులో విన్నది.

పాతిన రోజు వేసిన లెక్క తేలికే. ఈ ఫీడరు మీద 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు ఐదు. మొత్తం 2,500 కేవీఏ. దాన్ని 11తోనూ, రూట్ మూడు అంటే 1.732తోనూ భాగిస్తే 131 ఆంపియర్లు. లైన్ మీద పనిచేసేవాళ్లకు కాగితం కూడా అక్కర్లేదు. 11 కేవీలో వంద కేవీఏకి ఐదుంపావు ఆంపియర్లని నోటికే చెప్పేస్తారు. తయారీదారు పట్టికలో ఈ సైజు కేబుల్ నేలలో మోయగలదని రాసింది దాదాపు 250. నూటముప్ఫై ఎక్కడ, రెండొందల యాభై ఎక్కడ! అంతా నిశ్చింతగా మట్టి కప్పేశారు.

పక్కనే పట్టాల మీద పోయే ఇంజన్ల లెక్క వేరు. అక్కడ 25 కేవీ సింగిల్ ఫేజ్, రూట్ మూడు ఊసే ఉండదు. డబ్ల్యూఏజీ-9 ఇంజను 6,120 హార్స్‌పవర్, అంటే సుమారు 4,500 కిలోవాట్లు. నష్టాలు కలపకుండానే 180 ఆంపియర్లు. ఒక్క గూడ్సు బండి మొత్తం కాలనీని మించి లాగుతుంది! అయితే ఇంజన్ల పైన ఉండే తీగకు గాలి తగులుతుంది. ఈ కేబుల్‌కి ఉన్నదల్లా మట్టే.

లోడు కొలవడంలోనూ ఒక మెలిక ఉంది. కొత్తగా చేరిన కుర్రాడొకడు గుంతలో దిగి, కరెంటు కొలిచే తన టాంగ్ టెస్టర్‌కి కేబుల్ పట్టేంత పెద్ద దవడ ఉంది కదా అని మొత్తం కేబుల్ చుట్టూ బిగించాడు. సున్నా చూపించింది. లైన్ చచ్చిపోయిందనుకున్నాడు. చావలేదు. మూడు ఫేజుల కరెంట్లు ఏ క్షణానికి ఆ క్షణం ఒకదానికొకటి సరిపెట్టుకుంటాయి, మూడూ కలిస్తే మిగిలేది ఏమీ ఉండదు. ఎర్త్ ఫాల్ట్‌ని పట్టే రిలేలు పనిచేసేది సరిగ్గా ఈ సూత్రం మీదే. సున్నా కాకపోతేనే ఎక్కడో నేలలోకి కారుతున్నట్టు లెక్క. అసలు కరెంటు తెలియాలంటే బ్రేకర్ ప్యానెల్లో సీటీ మీటరు చూడాలి. లేదంటే ట్రాన్స్‌ఫార్మర్ తక్కువ వోల్టేజీ (ఎల్‌టీ) వైపు ఒక్కో ఫేజూ కొలిచి, 433 వోల్టులకీ 11,000 వోల్టులకీ ఉన్న నిష్పత్తిన 25.4తో భాగించాలి. అక్కడ 508 వస్తే ఇక్కడ 20.

పంపు మోటార్లున్న చోట పవర్ ఫ్యాక్టర్ కూడా చూడాలి. 1,500 కిలోవాట్ల పనిని 0.8తో చేయిస్తే 98 ఆంపియర్లు, కెపాసిటర్లు పెట్టి 0.95కి తెస్తే 83. పని అదే, నీళ్లు అవే. కేబుల్ మీద నుంచి 15 ఆంపియర్లు దిగిపోతాయి. ఇంత చవకైన ఉపకారం ఈ కేబుల్‌కి మరొకటి లేదు.

ఇక అసలు సంగతి వేడి. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. చలికాలంలో 61 ఆంపియర్లు పోయే ఈ కేబుల్‌లో వేసవిలో 122 పోతే, మూడు కోర్లూ కలిపి మీటరుకు దాదాపు 9 వాట్లు మట్టిలోకి వదలాలి. పట్టిక చెప్పిన 250 నిండా పోతే 39 వాట్లు. ఆ వేడిని మట్టి తీసుకుపోకపోతే లోపలి అల్యూమినియం 90 డిగ్రీలు దాటుతుంది. ఎక్స్‌ఎల్‌పీఈ నిత్యం ఓర్చుకోగలిగేది అంతవరకే. కాబట్టి 250 అన్న అంకె కేబుల్‌ది ఒక్కదానిదే కాదు. నేల వేడి 30 డిగ్రీలు, మట్టి ఉష్ణ నిరోధకత 1.5, చుట్టుపక్కల మరో కేబుల్ లేదు అన్న షరతులతో కుదిరిన ఒప్పందం అది. 1957లో అమెరికన్ ఇంజనీర్లు నెహర్, మెక్‌గ్రాత్ ఈ లెక్కను ఒక కొలిక్కి తెచ్చారు. ఇవాళ లోకమంతా వాడే ఐఈసీ 60287 ప్రమాణంలో కూడా పేజీల నిండా ఉండేది వేడి దారుల లెక్కే.

ఛత్తీస్‌గఢ్ రైతు మట్టిని నాలుగు పేర్లతో పిలుస్తాడు: కన్హార్, డోర్సా, మటాసీ, భాఠా. కన్హార్ నల్లని బంకమట్టి. వానాకాలం తేమ పట్టి కేబుల్‌ని గట్టిగా అంటుకుని ఉంటుంది, వేడిని హాయిగా లాగేస్తుంది. మే వచ్చేసరికి అదే మట్టి కుంచించుకుపోయి, వేలు దూరేంత పగుళ్లు ఇస్తుంది. పగుళ్లలో చేరేది గాలి. ఎండిన మట్టి, అందులో గాలి... వేసవిలో దుప్పటి కప్పినట్టే. పైగా కేబుల్ తొడుగు 50 డిగ్రీల దరిదాపుల్లో రోజుల తరబడి ఉంటే చుట్టూ ఉన్న కాస్త తేమ కూడా దూరంగా జరిగిపోతుంది. మట్టి ఎండేకొద్దీ కేబుల్ వేడెక్కుతుంది, కేబుల్ వేడెక్కేకొద్దీ మట్టి ఎండుతుంది.

ఇలాంటి వేడి వేసవిలోనే న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరం చీకటిపాలైంది. 1998 జనవరి, ఫిబ్రవరి నెలల్లో నగరం నడిబొడ్డుకు కరెంటు తెచ్చే నాలుగు 110 కేవీ భూగర్భ కేబుళ్లు ఒకదాని వెంట ఒకటి పోయాయి. ఒకటి పడగానే దాని బరువు మిగతావాటి మీద పడింది. ఐదు వారాలు దుకాణాలు, ఆఫీసులు జనరేటర్లతో నెట్టుకొచ్చాయి.

బిలాస్‌పూర్ కాలనీలో మార్పు మెల్లగా వచ్చింది. ఒకప్పుడు ప్రతి క్వార్టరు కిటికీకీ డెజర్ట్ కూలరు ఉండేది, రెండు వందల వాట్ల సరుకు. తెల్లవారుజామున దాన్ని ఆపేసేవాళ్లు. ఆ తర్వాతి నాలుగైదు గంటల్లో ఈ కేబుల్ చల్లబడేది. తర్వాత ఏసీలొచ్చాయి, ఒకటిన్నర టన్నుది ఒక్కొక్కటి ఒకటిన్నర కిలోవాట్లకు అటూ ఇటూ. రాత్రి పది గంటలకు ఎక్కిన లోడు తెల్లారేదాకా దిగదు. గరిష్ఠం ఎంతన్నది అందరూ అడుగుతారు. విశ్రాంతి ఎంతసేపన్నది ఎవరూ అడగరు. ఈ కేబుల్‌కి మాత్రం రెండో ప్రశ్నే ప్రాణం. ఈలోగా అదే కందకంలో, ఒంటికి ఒళ్లు ఆనేలా, ఇంకో కేబుల్ కూడా వచ్చి చేరింది.

అప్పుడొచ్చింది ఆరో ట్రాన్స్‌ఫార్మర్ ప్రతిపాదన. ఇంకో 500 కేవీఏ, అంటే ఇంకో 26 ఆంపియర్లు.

“సార్, మీటరులో 122 ఉందండీ. ఇరవయ్యారు కలిపినా నూటనలభై ఎనిమిదే. పట్టికలో 250 ఉంది కదండీ, ఇంకా వంద మిగులే” అన్నాడు టెక్నీషియన్.

“ఆ రెండొందల యాభై పట్టిక వేసినోడి నేలలో బాబూ, మన నేలలో కాదు. ఆ డైరీ ఇలా ఇయ్యి” అన్నాడు సీనియర్ సెక్షన్ ఇంజనీరు.

రూట్ మార్కర్ మీద డైరీ పెట్టి రాశాడు. నేల 40 డిగ్రీలు అనుకుంటే 0.91. పక్కన ఇంకో కేబుల్ ఉన్నందుకు 0.8. ఎండిన కన్హార్‌కి నిరోధకత 2.5 పట్టుకుంటే 0.82. మూడింటినీ 250తో గుణించాడు. 149 వచ్చింది.

“ఒక్క ఆంపియరు మిగిలింది చూడు” అన్నాడు. “ఇది కూడా మన అంచనాలు నిజమైతేనే. మట్టి ఇంకొంచెం పగిలితే ఈ ఒక్కటీ పోద్ది. రాత్రిపూట లోడు దిగడం లేదు కూడాను.”

టెక్నీషియన్ వాదించలేదు. టేపు తెచ్చాడు. ఇద్దరూ కలిసి ప్రస్తుత కందకానికి అవతల, రెండో వరసలో చోటు కొలిచారు. 240 చదరపు మిల్లీమీటర్ల కొత్త కేబుల్, దానికి వేరే కందకం, పాతవాటి వేడి తగలకుండా మధ్యలో మట్టి. ఆరో ట్రాన్స్‌ఫార్మరుతో పాటు ఇప్పుడున్నవాటిలో రెండింటిని కూడా రింగ్ మెయిన్ యూనిట్ (ఆర్‌ఎంయూ) దగ్గర దాని మీదికి మార్చాలని డైరీలో రాసుకున్నారు. అది జరిగితే ఈ కేబుల్ మీద మిగిలేది మూడు ట్రాన్స్‌ఫార్మర్లు, నిండా నడిచినా 79 ఆంపియర్లు. ప్యానెల్ మీటరు పక్కన ఎర్ర సిరాతో రాసిన ఒక కాగితం అంటించారు: మార్చి నుంచి జూన్ దాకా ఈ ఫీడరుకి హద్దు 149, వానలు పడి నేల తడిశాకే 180.