పెంచి, పోషించి, మందు కొట్టి

సంక్రాంతికి హాస్టలు ఖాళీ అయిపోతుంది. బాపట్ల కానీండి, రాజేంద్రనగర్ కానీండి, తిరుపతి కానీండి, వ్యవసాయ కళాశాల ఆవరణలో భోగి నాడు పొద్దున్నే ఆముదపాకులు కోసుకుంటూ ఎవరైనా కనిపిస్తే ఆ మనిషి ఎంటమాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నట్టే లెక్క. పండక్కి ఊరెళ్తే పిల్లలు పస్తులుంటాయి మరి. పిల్లలంటే పొగాకు లద్దెపురుగులు.

ఫలానా మందుకు ఈ లద్దెపురుగు ఎంత మోతాదులో చస్తుందో తేల్చడం అతగాడి పరిశోధన. చంపడమే కదా, దానికింత చదువెందుకు అని హాస్టల్లో వంటాయన కూడా అడిగాడు. నీరసంగా ఉన్న పురుగు మందు లేకుండానే చస్తుంది, లెక్క తప్పుతుంది. అందుకని ఒకే వయసువి, ఒకే బరువువి, జబ్బు తెలియనివి వందల్లో కావాలి. అంటే ముందు సాకాలి. తల్లి రెక్కలపురుగుకు పది శాతం తేనె నీళ్ళలో తడిపిన దూది. పిల్లపురుగులకు కడిగి, తడి ఆర్చిన ఆముదపాకు. శనగపచ్చ పురుగు గారాబం ఇంకో మెట్టు పైన: శనగపిండి, ఈస్టు, అగర్ ఉడికించి, వేడి తగ్గాక విటమిన్ సి కలిపి పెట్టాలి, వేడిలో కలిపితే విటమిన్ చెడుతుంది. పైగా వాటిని ఒకచోట ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి కాబట్టి దేని గది దానికే. వండి వడ్డించే పరిశోధకుడు మాత్రం ఒక గదిలో ముగ్గురితో సర్దుకుంటాడు. అతని సాంబార్లో విటమిన్ సంగతి ఎవరూ పట్టించుకోరు.

ఇంత చేశాక ఒక తెల్లవారి ల్యాబు తలుపు తీస్తే పురుగులన్నీ డబ్బా అంచుకు ఎక్కి, తలకిందులుగా వేలాడుతూ, ముట్టుకుంటే చిట్లి నీరుకారుతుంటాయి. ఎన్.పి.వి. అనే వైరస్. “కల్చర్ పోయింది” అని అతను అన్న తీరు విని, ఊళ్ళో ఎవరో పెద్దవాళ్ళు పోయారనుకుని పక్క గదివాళ్ళు పరామర్శకు వస్తారు. గైడు గారు చలించరు. “పారేయకు నాయనా, ఏరి సీసాలో పెట్టు” అంటారు. అదే వైరస్‌ను పొలంలో ఆ పురుగు మీదే పిచికారీ చేస్తారు మరి. అలా చంపాలనుకున్నవి వాటంతటవే చచ్చిన పాపానికి థీసిస్ ఆరు నెలలు వెనక్కి జరుగుతుంది.

పొలంలో ఇంకో తంటా. మందు కొట్టే ముందురోజు పురుగుల్ని లెక్కపెట్టాలి, కొట్టాక మళ్ళీ లెక్కపెట్టాలి. లెక్కకు ముందు పురుగంటూ ఉండాలి కదా! చుట్టుపక్కల రైతులు పురుగు పడకూడదని దేవుడికి మొక్కుకుంటుంటే, మధ్యలో ఇతనొక్కడు పడాలని మొక్కుకుంటాడు. దేవుడు మెజారిటీ మాట వింటాడు. విననప్పుడు మాత్రం, మందు కొట్టకుండా పోలిక కోసం వదిలేసిన మడి దగ్గర ఆగి, గట్టు మీద పోయే రైతు జాలిపడతాడు: “ఏం బాబూ, మందు చాల్లేదా? మా ఇంట్లో అర సీసా ఉంది, పంపించనా?”

నవ్వాం గానీ, ఇది ప్రాణం మీదికి తెచ్చే పని కూడా. మన దేశంలో ఇంపీరియల్ ఎంటమాలజిస్టుగా పనిచేసి, 1909లో ‘ఇండియన్ ఇన్‌సెక్ట్ లైఫ్’ అనే పెద్ద గ్రంథం వెలువరించిన మాక్స్‌వెల్ లెఫ్రాయ్, 1925లో లండన్‌లో పురుగుల్ని చంపే విషవాయువుతో ప్రయోగం చేస్తూ ఆ వాయువుకే బలైపోయాడు.

మన పరిశోధకుడి విలువ తెలియాలంటే ప్లాస్టిక్ కవర్లో మొక్కజొన్న సుడి పట్టుకుని రైతు వచ్చినప్పుడు చూడాలి. అంతదాకా సెమినార్లో నోరు పెగలని మనిషి, పురుగును అరచేతిలో వేసుకుని తల మీద తిరగేసిన వై గుర్తు, తోక దగ్గర చతురస్రంలో నాలుగు చుక్కలు చూపించి “కత్తెర పురుగండీ” అని తేల్చేస్తాడు. ఈ పురుగు మన దేశంలో మొదట బయటపడింది 2018లో, కర్ణాటకలో. చూస్తుండగానే తెలుగు నేల మీదికీ వచ్చింది. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిర్చి పూతలో నల్ల తామరపురుగులు దూరినప్పుడు, ఇదివరకటి తామరపురుగు ఇది కాదని తేల్చి చెప్పాల్సింది ఈ జాతివాళ్ళే. పురుగేదో తెలియకుండా కొట్టిన మందు డీలరుకు తప్ప ఎవరికీ పనికిరాదు.

పెళ్ళిచూపుల్లో మాత్రం ఈ విద్య అక్కరకు రాదు. “అబ్బాయి దేనిమీద డాక్టరేటు?” అని అడుగుతారు పిల్ల మేనమామ. “పురుగుల మీదండీ.” “ఓహో, పురుగుమందుల కొట్టా! డీలర్‌షిప్ మీ పేరు మీదే ఉందా, నాన్నగారి పేరు మీదా?” అతను జవాబు చెప్పడు. పళ్ళెంలో జీడిపప్పు మీద పాకుతున్న దాన్ని కళ్ళద్దాలు పైకెత్తి పరిశీలిస్తుంటాడు. ముక్కుపురుగు కాదని మాత్రం గట్టిగా చెబుతాడు.

అయినా సంబంధం వదులుకోకండి. ఓపికకు ఓపిక, వంటకు వంట, రాత్రిపూట లేచి పిల్లల్ని చూసుకునే అలవాటు ముందే ఉంది. అల్లుడయ్యాక మీ ఫ్రిజ్‌లో చేరిన ఐస్‌క్రీం డబ్బా మూత తీసేటప్పుడు మాత్రం, ముందు అతన్నొక మాట అడగండి.