సైకిలు మీద దేశాంతరం: నంగలి వాసులకు కొన్ని సూచనలు

సైకిలు మీద దేశాలు దాటాలంటే ముందు కావలసింది సైకిలు కాదు, ఒక వీడియో. రాత్రి భోంచేసి పడుకుని ఫోనులో చూడండి. డాన్యూబ్ నది గట్టున ఇద్దరు తెల్లవాళ్లు చిన్న గుడారం వేసుకుని, గిన్నెలో ఏదో ఉడకబెట్టుకుంటూ ఉంటారు. పొద్దున ఆస్ట్రియాలో కాఫీ, సాయంత్రానికి స్లొవేకియా. అట్లాంటిక్ తీరం నుంచి నల్ల సముద్రం దాకా పది దేశాల గుండా సైకిళ్ల కోసమే దారి గుర్తించి, బోర్డులు నాటి, దానికి యూరోవెలో 6 అని నంబరు కూడా ఇచ్చారు. చాలాచోట్ల సరిహద్దు దగ్గర గేటు కూడా ఉండదు. అది చూసి మీకు కడుపు మండాలి. మండకపోతే ఫోను పక్కన పెట్టి నిద్రపోండి, యాత్రాయోగం లేదన్నమాట.

మండినవాళ్లు మ్యాపు తెరవండి. వాయవ్యానికి తొక్కుకుంటూ పోతే ఎప్పటికో వాఘా వస్తుంది. అక్కడ సాయంత్రం కవాతు చూసి, చప్పట్లు కొట్టి వెనక్కి రావాలి. ఉత్తరాన హిమాలయాలు, వాటి వెనక చైనా. మణిపూర్ మీదుగా మయన్మార్, అటు నుంచి థాయిలాండ్ దాకా హైవే వేస్తున్నామని ఏళ్ల తరబడి చెబుతున్నారు, మధ్యలో యుద్ధం నడుస్తోంది. దక్షిణాన సముద్రం. పోనీ విమానమెక్కి పోయి ఆ డాన్యూబ్ గట్టునే తొక్కుదామంటే వీసాకు బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు. టమోటా రైతు ఏ నెల స్టేట్‌మెంటు ఇవ్వాలి? 2023 జూలైది ఇస్తే ఇతను షావుకారు. ధర పడిపోయి పండును రోడ్డు పక్కన పారబోసిన నెలది ఇస్తే, ఈ మనిషి అటే ఉండిపోతాడని వాళ్లకు అనుమానం.

కాబట్టి మన దేశాలు మనమే వెతుక్కోవాలి. అదృష్టం కొద్దీ చుట్టుపక్కలే మూడున్నాయి. కర్ణాటక అంచునున్న మన నంగలిలో బయల్దేరి పాత మద్రాసు రోడ్డు పట్టుకుని తూర్పుకు పోతే కాసేపట్లో ఆంధ్ర. పలమనేరు, మొగిలి, బంగారుపాళెం, చిత్తూరు. అక్కడ దక్షిణానికి తిరిగితే గుడియాత్తం, తమిళనాడు. పేర్ణంబట్టు దగ్గర ఘాటెక్కి వి.కోట చేరితే మళ్లీ ఆంధ్ర, ఇంకొంచెం తొక్కితే ఇల్లు. ఇవి రాష్ట్రాలు గదా, దేశాలెట్లా అవుతాయని ఎవరైనా దీర్ఘం తీస్తే చరిత్ర చెప్పండి. 1947 దాకా నంగలి మైసూరు మహారాజుది, పలమనేరు తెల్లదొరల మద్రాసు ప్రెసిడెన్సీది. మీ ముత్తాత ఎద్దుల బేరానికి అవతలి సంతకు పోయినప్పుడల్లా రాజ్యం దాటాడు. వీడియో తీసుకోలేదు, అంతే.

సరిహద్దు దగ్గర తప్పకుండా ఆగండి. ఆధారు, పాస్‌పోర్టు, రెండు ఫొటోలు చేతబట్టుకుని నిలబడండి. ఎవరూ తలెత్తి చూడరు. నంగలి చెక్‌పోస్టు వైభవం 2017 జూలైలో జీఎస్టీతోనే పోయింది. అంతకుముందు లారీలు బారులు తీరి ఉండేవి, డ్రైవర్లు బిల్లులు పట్టుకుని కిటికీల ముందు పడిగాపులు కాసేవాళ్లు, వాళ్ల పుణ్యాన టీ బంకులు బతికేవి. ఆ రోజుల్లోనూ సైకిలువాణ్ణి ఆపిన పాపాన ఎవరూ పోలేదు. ఇప్పుడు మిమ్మల్ని ఆపాలంటే ఒకటే ఉపాయం. సైకిలుకు రెండు పక్కలా ఉబ్బిన సంచులు తగిలించండి. కర్ణాటక మందు ఆంధ్రలోకి ఏయే దారుల్లో పోతుందో అవతలి పోలీసులకు మీకంటే బాగా తెలుసు.

“సంచుల్లో ఏముందప్పా?”

“గుడారం సార్.”

“గుడారమా? ఇల్లు లేదా మీకు?”

దీనికి జవాబు ఇంట్లోనే అభ్యాసం చేసుకుని పోవాలి. ‘ఊరికే సార్’ అన్నది నిజమే, కానీ నిజాన్ని అంత పొట్టిగా చెబితే ఎవరూ నమ్మరు.

భాష మారుతుందని కంగారుపడి నిఘంటువులు కొనకండి. బోర్డుల మీద లిపి మూడు రకాలుగా మారుతుంది గానీ, చిల్లర లేదంటే మూడు దేశాల్లోనూ టీ అంగడాయన మిమ్మల్ని తెలుగులోనే తిట్టగలడు.

ఇక తోడు సంగతి. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు భూగోళం చుట్టి వస్తామని సైకిళ్లెక్కారు. దాదాపు 70 వేల కిలోమీటర్లు తొక్కి 1928లో ముగ్గురు తిరిగొచ్చారు: ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూంగరా. మిగతా ముగ్గుర్నీ పులులేం తినలేదు, దారిలో విడిపోయారు. కోలారు మండీలో టమోటాకు తీసినట్టు స్నేహానికీ తరుగు తీస్తుంది సైకిలు. వాళ్లకు సగానికి సగం పోయింది. మీరు బయల్దేరేది ఇద్దరు. సగం పోతే మిగిలేదెవరో ముందే తేల్చుకోండి. వాళ్లకంటే ముందు, 1884లో, థామస్ స్టీవెన్స్ అనేవాడు ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున ఉండే సైకిలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి 1886 చివరికి జపాన్‌లో యోకొహామా చేరాడు. ఒక్కడే పోయాడు. అందుకే చేరాడని నా అనుమానం. 1977లో ఢిల్లీ నుంచి స్వీడన్ దాకా తొక్కిన ఒడిశా చిత్రకారుడు మహానందియాకు తోడు ఉంది గానీ, ఆవిడ దారి చివర స్వీడన్‌లో ఉంది. ఆయన తొక్కింది ఆమె కోసమే. అంతకు మించిన ఏర్పాటు ఉండదు.

మీకు ఆ రెండు సౌకర్యాలూ లేవు కాబట్టి మిత్రుణ్ణి ఎంచుకోవాలి. ‘నాకేం ఫరవాలేదు, ఎక్కడైనా అడ్జస్ట్ అవుతా’ అనేవాణ్ణి మొదటే తీసేయండి. మొదటి పొద్దున వేడినీళ్లు అడిగేది వాడే. పంక్చరు వేయడం ఇద్దరికీ తెలిసి ఉండటం మంచిది కాదు, ఎదుటివాడు వేస్తాడని ఇద్దరూ కూర్చుంటారు. ఒక్కడికే తెలిస్తే వాడు గురువు, రెండోవాడు నీళ్ల గిన్నె పట్టుకునే శిష్యుడు. ట్యూబు గిన్నెలో ముంచి బుడగ ఎక్కణ్ణుంచి వస్తోందో చూసి, తుడిచి, గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఓపిక పట్టి అతుకు వేయాలి. అంతకంటే ముఖ్యమైన పని, ముల్లు ఇంకా టైరులోనే ఉందేమో లోపల వేలు పెట్టి చుట్టూ తడమడం. మన రోడ్ల పక్కన సర్కారు కంప ఉన్నంతకాలం పంక్చరు షాపులకు లోటు రాదు.

“రే మచ్చా, ముల్లు తీసినావా?”

“తీసినా.”

“టైరు లోపల తడిమి చూసినావా?”

“చూసినానంటి గదరా!”

చూసి ఉండడు. రెండో కిలోమీటరు రాయి దగ్గర మళ్లీ గాలి దిగుతుంది. అప్పుడు మీరు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. ఆకాశం చూడండి, చింతచెట్లు లెక్కపెట్టండి. ‘నేను చెప్పలా?’ అన్నారో, తరుగు మొదలైనట్టే.

సామాన్ల విషయంలో రెండు సంప్రదాయాలున్నాయి. స్టీవెన్స్ మేజోళ్లు, ఇంకో చొక్కా, గుడారంగానూ పక్కగానూ పనికొచ్చే వానకోటు, ఒక పిస్తోలు పెట్టుకుని ప్రపంచం తిరిగాడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి పల్లకీతో, బోయీలతో, పెద్ద పరివారంతో బయల్దేరారు. మీది స్టీవెన్స్ పక్షం కావచ్చు, మీ అమ్మది వీరాస్వామయ్య పక్షం. మీరు బరువు తగ్గుతుందని కార్బన్ ఫైబర్ సైకిలుకు లక్ష పోసి రెండు కిలోలు ఆదా చేస్తారు. ఆమె సరిగ్గా ఆ రెండు కిలోల్లోనే రాగిపిండి, ఊరిబిండి, వేయించిన చెనిక్కాయలు, ఊరగాయ సర్దేస్తుంది. వాదించకండి. మూడో పూటకు ఆ సంచి ఒక్కటే మీ ఇద్దర్నీ కలిపి ఉంచేది. గుడియాత్తం చేరాక మాత్రం ఒక లుంగీ కొనండి. ఆ ఊరు లుంగీలకు పేరు. తువ్వాలు, దుప్పటి, దిండు, గుడారానికి తలుపు, అన్నీ అదే. విదేశీ క్యాంపింగు కంపెనీలు ఇంతవరకూ దానికి సాటైనది తయారు చేయలేదు.

బయల్దేరే రోజు టిఫిను కోసం ముళబాగిలు పోవాలంటాడు మీ మిత్రుడు. ఆ ఊరి దోసె తినకుండా దేశం వదిలిపోవడం అపచారమే. కాకపోతే ముళబాగిలు పడమటి వైపు, మీ యాత్ర తూర్పు వైపు. దోసె తిని నంగలికే తిరిగొచ్చేసరికి ఎండెక్కుతుంది, మీటరులో చాలా కిలోమీటర్లు చేరి ఉంటాయి, మీరింకా ఇంటి ముందే ఉంటారు. ఆ దూరాన్ని మొత్తంలో కలిపి చెప్పుకోవచ్చు.

దారి వేసినవాడు చేసిన పెద్ద మోసం మొగిలి దగ్గర తెలుస్తుంది. మనది మైసూరు పీఠభూమి అంచు, పలమనేరు దాటాక నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. ఘాటులో పెడలు మీద కాలు కూడా వేయనక్కర్లేదు. గాలి చెవుల్లో హోరుమంటుంది, మీరు ఒలింపిక్స్‌కు పుట్టినవారని మీకే అర్థమవుతుంది. సరాసరి వేగాన్ని వెంటనే స్క్రీన్‌షాట్ తీసి అందరికీ పంపండి, ఆ అంకె మళ్లీ రాదు. బ్రేకు బిగించి పట్టుకోకుండా పట్టి వదులుతూ పట్టి వదులుతూ దిగండి, లేకపోతే రబ్బరు వాసన వస్తుంది. ఆ ఘాటు ప్రమాదాలకు పేరుమోసింది, లారీలవాళ్లకు మీ ఒలింపిక్స్ సంగతి తెలియదు. ఇదే ఎత్తును తమిళనాడు వైపు నుంచి మళ్లీ ఎక్కాలన్న విషయం మీ మిత్రుడికి ముందే చెప్పకండి. పేర్ణంబట్టులో బిర్యానీ తిన్నాక చెప్పండి.

రాత్రి మకాం. వీడియోలో తెల్లవాళ్లకు మైలు దూరంలో మనిషి ఉండడు. మీరు గుడారం గుంజ పాతగానే నలుగురొస్తారు. “ఎవురప్పా మీరు? యా వూరు? ఎవురి పిలకాయలు?” మీ ఊళ్లో మీకు తెలియని మీ బంధువుల పేర్లు వాళ్లే చెబుతారు, చివరికి ఒకరి పంచలో పడుకోబెడతారు. గుడారం విప్పలేదని మీకు బాధ. తోట పక్కన వేయాలని మాత్రం చూడకండి. 2023 జూలైలో టమోటా కిలో వంద దాటినప్పుడు రైతులు కర్ర, టార్చి పట్టుకుని తోటల్లోనే పడుకున్నారు. వాళ్లు చేసింది కూడా క్యాంపింగే, ఎవరూ వీడియో తీయలేదు గానీ. అర్ధరాత్రి కాయల పక్కన దొరికిన ఇద్దరు సైకిలు యువకులు ఎంత ఒట్టు పెట్టుకున్నా యాత్రికులుగా చెల్లరు.

అడవి అంచు బాగుంటుంది గదా అంటారా? అది కౌండిన్య అభయారణ్యం. అక్కడి ఏనుగులు మూడు రాష్ట్రాల మధ్య మీకంటే ముందునుంచే, గుడారం లేకుండా, తిరుగుతున్నాయి. వాటిని తోలడానికి కావలసిన శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల్ని మాత్రం కర్ణాటక ప్రభుత్వం 2025 మేలో సభ పెట్టి, కాగితాల మీద సంతకాలు చేసి ఆంధ్రకు అప్పగించింది. సరిహద్దు దాటడానికి పత్రాలు అవసరమైంది వాటికి మాత్రమే. అడవి ఏనుగులు తిరిగే ఆ అంచున రాగిసంగటి వండుకునే ఆలోచన మానండి. పంటల మీద పడే జీవికి ఆ వాసన ఆహ్వానపత్రిక.

వి.కోటకు ఎక్కేటప్పుడు ఏం చేయాలో పుస్తకాలు చెప్పవు. టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద ఆరు టమోటా క్రేట్లు, ఒక భార్య, ఒక బిడ్డతో ఒకాయన మిమ్మల్ని దాటి పోతాడు. వెనక్కి తిరిగి, “సైకిలెందుకు అబ్బోడా, బండి లేదా?” అని జాలిగా అడుగుతాడు. జవాబు చెప్పకండి, ఊపిరి మిగుల్చుకోండి. రెండో మలుపు దగ్గర ఖాళీ క్రేట్లతో పోయే లారీని ఆపండి. బేరం మిత్రుడికి వదిలేయండి. అతను క్యాబిన్‌లో ఎక్కి కూర్చుంటాడు, మీరు వెనక సైకిళ్లు పట్టుకుని నిలబడతారు. వి.కోట రాకముందే కిటికీలోంచి తల బయటపెట్టి కేజీఎఫ్ పోదామంటాడు, సినిమా చూసిన దగ్గర్నుంచీ అదొక పిచ్చి. అక్కడి బంగారు గనులు 2001లోనే మూసేశారనీ, మిగిలింది సైనైడ్ మట్టి దిబ్బలేననీ అరిచి చెప్పండి. లారీ చప్పుడులో అతనికి వినిపించదు.

ఇల్లు చేరాక లెక్కలు వెంటనే తేల్చుకోండి. దోసెలెవరు కట్టారు, లారీకెవరిచ్చారు, ఆ రెండో పంక్చరు ఖర్చు ఎవరిది. వారం తిరక్కుండా మీ మిత్రుడు నేపాల్ పోదామంటాడు. భారతీయులకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు చాలు. ఒప్పుకోండి. ఈసారి గుడారం మాత్రం అతణ్ణే కొనమనండి, టైరు మీరు తడిమి చూడండి.