సాయంత్రం ఐదింటికి కన్నీళ్లు

అమెరికా చర్చి బృందాలు సేవకని వచ్చిపోయే మిషన్ ట్రిప్పుకి ఆఖరి రెండు రోజులే ఆయువుపట్టు. మొదటి వారమంతా నీళ్లు పడక కడుపు పట్టుకుని తిరిగినవాళ్లు కూడా చివరికొచ్చేసరికి ప్రేమమూర్తులైపోతారు. కార్యక్రమ పత్రంలో అంతా ముందే అచ్చయి ఉంటుంది: గురువారం పొద్దున గోడకి రంగు, మధ్యాహ్నం ఆ గోడ మీద అరచేతి అచ్చులు, సాయంత్రం ఐదింటికి వీడ్కోలు. వీడ్కోలంటే ఏడుపు. ఏడ్చేది వచ్చినవాళ్లే. పిల్లలు పెద్దగా ఏడవరు, వాళ్లకిది ఆ ఏడాదికి మూడో వీడ్కోలు.

ఇదంతా పావగడ తాలూకాలో జరుగుతోందనుకుందాం. ఫలానా పిల్లల హాస్టలని వేలెత్తి చూపడం కాదు, పది చోట్ల జరిగేదాన్ని ఒకచోట పెట్టి చూడటం. బొమ్మకి ఈ తాలూకా బాగా కుదురుతుంది. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, మ్యాపులో మాత్రం ఆంధ్రలోకి చొచ్చుకుపోయిన ముక్క. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. బృందం విమానంలో కష్టపడి వల్లెవేసుకొచ్చింది మాత్రం హిందీ: "నమస్తే", "ధన్యవాద్". పిల్లలు కూడా మర్యాద తప్పకుండా హిందీలోనే బదులిస్తారు. అతిథుల మనసు నొప్పించకూడదు కదా.

"అన్నా, వీళ్లు ఎప్పుడు పోతారంట? శుక్రారమా, శనారమా?"

"శుక్రారం. బెలూన్లు ఇయ్యాలే ఇస్తారు చూడు."

ఇది ఇద్దరు పిల్లల మాట. అనుభవజ్ఞుల మాట కూడా.

ఈ యాత్ర చిన్న వ్యవహారమేం కాదు. ఏటా దాదాపు 16 లక్షల మంది అమెరికన్ చర్చి సభ్యులు ఇలా విదేశాలకి వెళ్తున్నారని సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ వుత్నో 2005 నాటి సర్వే ఆధారంగా లెక్క తేల్చాడు. ఇంతమంది బయల్దేరాక అనాథలు చాలొద్దూ? చాలకపోతే చాలేట్టు చేస్తారు. యూనిసెఫ్ 2015 లెక్క ప్రకారం ప్రపంచంలో అనాథలు దాదాపు 14 కోట్లు. చందాల కరపత్రం ఈ అంకె దగ్గరే ఆగిపోతుంది. ఒక్క వాక్యం ముందుకు జరిగితే, అందులో తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్లు కోటిన్నర మందేనని ఉంటుంది. మిగతావాళ్లకి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. అమ్మ బతికుంటే కరపత్రానికి ఏం బాగుంటుంది?

కంబోడియాలో ఈ అనాథల తయారీ బాహాటంగానే తేలింది. 2005 నుంచి 2010 లోపు అక్కడ అనాథాశ్రమాలు 154 నుంచి 269కి పెరిగాయి. ఆ ఐదేళ్లలో అక్కడ అనాథల్ని అంతగా పెంచే యుద్ధమూ లేదు, మహమ్మారీ లేదు. వచ్చింది పర్యాటకులు. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో ఉన్నారు. పాలడబ్బా చూస్తే పిల్లి ఎక్కణ్ణుంచైనా వస్తుంది, డాలరు చూస్తే అనాథ కూడా అంతే.

హైతీ కథ ఇంకా ఘనం. 2010 జనవరి 12న భూకంపం. జనవరి 29న పదిమంది అమెరికన్ బాప్టిస్టులు, చేతిలో సరైన కాగితాలు లేకుండా, 33 మంది పిల్లల్ని బస్సెక్కించి డొమినికన్ రిపబ్లిక్‌కి తీసుకుపోతూ సరిహద్దులో పట్టుబడ్డారు. అనాథల్ని కాపాడుతున్నామన్నారు. తీరా చూస్తే పిల్లలకి కన్నవాళ్లున్నారు. బిడ్డకి చదువు దొరుకుతుందని నమ్మి చేతులారా అప్పగించిన కన్నవాళ్లు.

పావగడలో బిడ్డని హాస్టల్లో వదిలే తల్లిదండ్రులదీ ఆ నమ్మకమే. చెనిక్కాయ పంట మీద బతికిన నేల, ఏడాది విడిచి ఏడాది కరువు. బెంగళూరు వలసపోయి కట్టడాల దగ్గర రేకుల షెడ్లో ఉండేవాడు, బిడ్డని బడికి దగ్గర్లో ఎక్కడ పెట్టాలి? ఊళ్లోనే పని చూసుకుందామంటే, తాలూకాలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. భూమి ఉన్నవాడికి మొదట్లో ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయల కౌలు కుదిరింది. ఆ భూమిలో కలుపు తీసి బతికినవాడికి కౌలు లేదు, ఇప్పుడు కలుపూ లేదు. వాడి కోసం మిషన్ ట్రిప్పు ఎవరూ వేయరు. మీసాలున్న కూలీవాణ్ణి ఒళ్లో కూచోబెట్టుకుని ఫొటో దిగడం కుదరదు మరి.

ఫొటో అంటే గుర్తొచ్చింది. ఆఖరి రోజు ఫోన్లు వేడెక్కిపోతాయి. మన 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల పేరూ ఫొటో బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. తమ దేశంలో పక్కింటి పిల్లాడి ఫొటో తీయాలన్నా వాళ్లమ్మని అడిగే మర్యాదస్తులు, ఇక్కడ ముక్కు కారే పిల్లాడి బొమ్మకి పేరు తగిలించి, "నా గుండె ఇక్కడే వదిలి వెళ్తున్నాను" అని లోకానికి చాటుతారు. గుండె వదిలారో లేదో గానీ, సూట్‌కేసు మాత్రం మర్చిపోరు.

మనవాళ్లేమీ తక్కువ తినలేదు. డిసెంబర్ సెలవుల్లో అమెరికా నుంచి దిగి, బిడ్డ పుట్టినరోజు కేకు అనాథాశ్రమంలో కోయించే ఎన్నారై దంపతులూ, పండ్ల బుట్టతో ఆస్పత్రి మంచం పక్కన నిలబడే నాయకుడూ ఈ మతానికి చెందినవాళ్లే. ఆ మతం పేరు కెమెరా.

ఇక డబ్బు లెక్క. 1998లో హోండురస్‌ని మిచ్ తుపాను ఊడ్చేశాక, ఉత్తర అమెరికా బృందాలు వెళ్లి ఇళ్లు కట్టాయి. క్రైస్తవ కళాశాలలోనే పాఠాలు చెప్పిన కర్ట్ వెర్ బీక్ లెక్క చూస్తే, ప్రయాణ ఖర్చులతో కలిపి ఒక్కో ఇల్లు 30,000 డాలర్లు పడింది. అక్కడి క్రైస్తవ సంస్థలు అలాంటి ఇల్లే 2,000 డాలర్లలో కట్టాయి. పదిహేను ఇళ్ల డబ్బుతో ఒక ఇల్లూ, బోలెడన్ని ఆత్మానుభవాలూ!

భక్తి ఉన్నవాడు ఇంకోలా చేయలేడా అంటే, పావగడ పొరుగు జిల్లాలోనే ఒకాయన చేసి చూపించాడు. 1969లో అనంతపురం వచ్చిన స్పెయిన్ జెసూట్ విన్సెంట్ ఫెర్రర్, ఆ తర్వాత జెసూట్ సంఘాన్ని విడిచి, పెళ్లి చేసుకుని, 2009లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టులో దాత స్పెయిన్‌లో ఉంటాడు, బిడ్డ తన ఊళ్లో, తన అమ్మ దగ్గరే ఉంటుంది. డబ్బు బడికీ, ఇంటికీ, ఆస్పత్రికీ పోతుంది. నలభై ఏళ్లు ఉన్నవాడికి వీడ్కోలు సభ పెట్టుకునే తీరిక దొరకలేదు.

మన హాస్టల్లో శుక్రవారం వ్యాను వెళ్లిపోయింది. వార్డెన్ మిగిలిన బెలూన్లు ఏరి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆదివారం బెంగళూరు బస్సులో ఒక అనాథ నాన్న దిగాడు, చేతిలో బొరుగుల పొట్లం. అక్కడ ఆయన పని అపార్ట్‌మెంట్లకి పెయింటింగు. బిడ్డ వచ్చేలోపు గోడ దగ్గర నిలబడి, గోరుతో ఒక అరచేతి అచ్చుని గీకి చూశాడు. నీలం పెచ్చు ఊడింది, కింద పోయినేటి పసుపు, దాని కింద అంతకుముందేటి గులాబీ.

"ఎవురు సామీ ఈ రంగు కొట్టింది? పాతది గీకలా, ప్రైమరు లేదు. ఒక్క వానకి ఎగిరిపోతాది."

"పోనీలేప్పా," అన్నాడు వార్డెన్. "మళ్లా డిసెంబర్లో వస్తారు కదా, వాళ్లకీ ఏదో ఒక పని ఉండాల."