నడుం గుంటపడ్డ సానరాయిని

నన్ను కొనేటప్పుడు మేస్త్రి గారు నా మీది అంకె తర్వాత చూశారు. ముందు కొట్లో గాజుబల్ల మీద బోర్లించి నాలుగు మూలలూ ఒక్కొక్కటే నొక్కారు. ఎక్కడా కదల్లేదు. డబ్బులిచ్చేశారు. ఎనిమిదంగుళాల పొడుగు, రెండంగుళాల వెడల్పు, అంగుళం మందం. ఒక ముఖం గరుకు, రెండోది నున్నన.

నాది కొండ పుట్టుక కాదు, కొలిమి పుట్టుక. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ వజ్రం చేద్దామని బంకమట్టినీ కోకు పొడినీ కరెంటుతో కాలిస్తే వజ్రం రాలేదు, మా వంశం వచ్చింది. కార్బనూ కొరండమూ కలిశాయనుకుని కార్బొరండం అన్నాడు. నిజానికి అది సిలికాన్ కార్బైడ్. పొరపాటు పేరైనా నాకిష్టమే. కొరండానికి మన కురువిందం దగ్గరి చుట్టం. కురువిందం పొడిని లక్కలో కలిపి సానలు చేసుకున్న దేశమాయె.

మేస్త్రి గారి పద్ధతి ఇదీ. ఉలి అంచు పెచ్చు లేస్తేనే గరుకు ముఖం, లేకపోతే నున్న ముఖం చాలు. నాలుగు చుక్కల కిరసనాయిలు వేస్తారు, ఇనుప రజను రంధ్రాల్లో ఇరుక్కోకుండా. వాలు పొడవు ఉలి మందానికి రెండింతలుంటే 30 డిగ్రీలు; గట్టి తుమ్మకు అదే కోణం. మెత్తకర్రకు వాలు ఇంకాస్త సాగదీస్తారు. నూరుతుంటే అంచున సన్నటి రేకు తిరిగి వేలికి గరుగ్గా తగులుతుంది. అది ఈ చివర నుంచి ఆ చివరిదాకా తగలందే ఆయన ఆపరు. అప్పుడు ఉలిని తిరగేసి, వీపు మొత్తం నాకు ఆనించి రెండు లాగులు. చివర తోలుపట్టీ.

కుర్రాడొచ్చాక నా కష్టాలు మొదలయ్యాయి. ఒకరోజు కిరసనాయిలు లేదని వేరుశనగ నూనె పోశాడు. వారానికల్లా జిగురు కట్టి, ఉలి నా మీద జారడమే తప్ప అరగడం లేదు. అదైనా కడిగితే పోయింది. అసలు జబ్బు వేరే: అరంగుళం ఉలిని రోజూ నా నడుం మీదే రుద్దేవాడు. అంచులు నావి కావన్నట్టు. గుంటపడ్డ రాయి మీద నూరిన చిత్రిక బ్లేడు మధ్యలో ఉబ్బుతుంది. టేకు పలక మీద తోస్తే కాలవలు. "చిత్రిక పాడైపోయింది మేస్త్రీ" అన్నాడు వాడు. నన్నెవరూ అడగలేదు.

"జపాన్ నీటిరాయి కొందామా? 6000 అంకెదట" అని కూడా అడిగాడు. అంకె పెరిగేకొద్దీ రేణువు సన్నం. సన్నపు నగిషీకి మంచిదే. గుమ్మాలు చేసే చోట నా నున్న ముఖం చాలు. పైగా ఆ రాళ్లు మెత్తన, నాకంటే త్వరగా గుంటపడతాయి. ఈర్ష్యతో అంటున్నాననుకోండి, పర్లేదు.

మేస్త్రి గారు నా మీద ఇనుప స్కేలు నిలబెట్టి, కింద వెలుతురు కారడం వాడికి చూపించారు. తర్వాత నన్ను సబ్బుతో కడిగి, ముఖం నిండా పెన్సిలు గీతలు గీశారు. మందపాటి అద్దం మీద కార్బొరండం పొడి, నీళ్లు. "రుద్దరా, గీతలన్నీ పోయేదాకా."

మూలల గీతలు వెంటనే పోయాయి. గంటయింది. నడుం దగ్గరివి ఇంకా అలాగే ఉన్నాయి. కుర్రాడు చెమట తుడుచుకుని, చెయ్యి మార్చుకున్నాడు.