డిస్ట్రిబ్యూటర్ వ్రతవిధానం

మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే సెలవుతో అమెరికాలో పడవల కాలం మొదలైనట్టు లెక్క. అట్లాంటాకు ఉత్తరాన, చట్టహూచీ నదికి బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టగా ఏర్పడిన లేక్ లేనియర్ ఆ వారాంతం పడవలతో కిటకిటలాడుతుంది. చుట్టుపక్కల కమింగ్, ఆల్ఫరెట్టా ఊళ్ళలో తెలుగు కుటుంబాలకు కొదవలేదు. వాళ్ళలో ఎవరో ఒక మహానుభావుడు పాతికేళ్ళ నాటి పడవను చవగ్గా కొని, చుట్టాలను పులిహోర డబ్బాలతో సహా ఎక్కించి, తాళంచెవి తిప్పుతాడు. స్టార్టరు గిర్రున తిరుగుతుంది. ఇంజన్ మాత్రం అంటుకోదు.

డిస్ట్రిబ్యూటర్ వ్రతానికి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

ముందుగా అర్హత సంగతి. కాకినాడ, విశాఖ రేవుల్లో మరబోటు ఉన్నవారికి ఈ యోగం రాసిపెట్టి లేదు. అవి డీజిల్ బోట్లు. సిలిండర్‌లో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది కాబట్టి వాటికి నిప్పురవ్వా అక్కర్లేదు, ఆ రవ్వను పంచిపెట్టే డిస్ట్రిబ్యూటరూ అక్కర్లేదు. వ్రతం పట్టాలంటే పడవ లోపల పెట్రోల్ ఇంజన్ ఉండాలి. అన్నిటికంటే శ్రేష్ఠమైనది మెర్‌క్రూజర్ 5.7 లీటర్ల వీ8. పేరు మెర్క్యురీ కంపెనీదైనా, లోపలున్నది 1955లో షెవ్రోలే కార్ల కోసం పుట్టిన ఇంజన్ వంశమే. నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు దానికి సెకనుకు 200 రవ్వలు కావాలి. కాయిల్ పుట్టించిన వేల వోల్టుల కరెంటును డిస్ట్రిబ్యూటర్‌లోని రోటార్ అనే చిన్న ముక్క గుండ్రంగా తిరుగుతూ, క్యాప్ లోపలి ఎనిమిది కొనలకు వరసగా అందిస్తుంది. ఇంత చాకిరీ చేసేదాన్ని అనుమానించడం తేలిక.

కనుక సంకల్పం ఇలా చెప్పుకోవాలి: తప్పంతా డిస్ట్రిబ్యూటర్‌దే. ఇలాంటప్పుడు పక్కన బావమరిది ఉంటే మరీ మంచిది.

"బావా, నో డౌట్, డిస్ట్రిబ్యూటరే పోయింది."

"నీకెలా తెలుసురా?"

"వీడియోలో చూశా బావా. అచ్చం ఇదే చప్పుడు."

ఈ రుజువు చాలు. ఇంకేమీ పరీక్షించకూడదు. ముఖ్యంగా స్టీరింగ్ దగ్గరున్న ఎర్రతాడు వంక చూడనే కూడదు. నడిపేవాడు నీళ్ళలో పడితే ఇంజన్ ఆగిపోవడానికి పెట్టిన తాడు అది. దాని కొక్కెం ఊడి ఉంటే స్టార్టరు తిరిగినా రవ్వ పుట్టని పడవలు చాలా ఉన్నాయి. కాయిల్ నుంచి టాకోమీటర్‌కు వెళ్ళే బూడిదరంగు వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి లోహానికి తగిలినా రవ్వ చచ్చిపోతుంది. కాయిల్ దగ్గర ఆ వైరు ఊడదీసి మళ్ళీ తాళం తిప్పితే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం. మెర్‌క్రూజర్ ఆల్ఫా డ్రైవ్ ఉన్న పడవల్లో ఇంకో చిన్న స్విచ్ ఉంటుంది. గేరు తేలిగ్గా ఊడి రావడం కోసం అది ఒక్క క్షణం ఇగ్నిషన్‌ను ఆపుతుంది. ఆ స్విచ్ ఇరుక్కుపోతే ఆ క్షణం కాస్తా పూటంతా అవుతుంది. ఇవన్నీ చూసుకుంటూ పోతే డిస్ట్రిబ్యూటర్ కొనే అవసరమే రాకపోవచ్చు. అంటే వ్రతభంగం!

డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి లోపలికి తొంగిచూడటం కూడా నిషిద్ధమే. చూస్తే ఏం కనిపిస్తుందో చెప్పుకోవడంలో తప్పులేదు: కొనల మీద తెల్లటి పొడి, ఒక కొననుంచి పక్క కొనకు పెన్సిల్ గీతలా పాకిన సన్నటి నల్లచార, మధ్యలో అరిగిపోయిన కార్బన్ బొడిపె. ఆ నల్లచార వెంబడి కరెంటు దారితప్పి పోతుంది. తడి ఆరని పడవల్లో ఇది మామూలే. మరలు విప్పి క్యాప్, రోటార్ మారిస్తే చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది. ఇంత చిన్న పనికి బావమరిది ఒప్పుకోడు.

ఇక కొనుగోలు. పొదుపరి యజమాని నేరుగా కారు విడిభాగాల దుకాణానికి వెళ్తాడు. అక్కడి డిస్ట్రిబ్యూటర్ చూడటానికి అచ్చం పడవదానిలాగే ఉంటుంది, అదే రంధ్రంలో చక్కగా కూర్చుంటుంది, ధర కూడా బాగా తక్కువ. డబ్బు మిగులుతుంది. పడవ మిగలకపోవచ్చు.

వెటకారం కాసేపు పక్కన పెట్టాల్సిన చోటు ఇది. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. కారులో అయితే కిందికి జారి రోడ్డు మీద కొట్టుకుపోతుంది. పడవలో పోవడానికి దారిలేక అడుగున గుంటలో పేరుకుంటుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల రవ్వలు నిరంతరం ఎగురుతూనే ఉంటాయి. అందుకే పడవ కోసం చేసిన డిస్ట్రిబ్యూటర్‌కు గాలి రంధ్రాల దగ్గర సన్నటి లోహపు జాలీ ఉంటుంది. లోపల ఆవిరి అంటుకున్నా మంట ఆ జాలీ దాటి బయటికి రాదు. పెట్రోల్ ఇంజన్ ఉన్న గదిలో ఇలాంటి రక్షణ లేని విద్యుత్ పరికరాలు పెట్టకూడదని అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధనలు ఉన్నాయి. కారు సరుకు పడవలో బిగించడం పిసినారితనం కాదు, ప్రాణాలతో చెలగాటం.

మళ్ళీ వ్రతానికి వద్దాం. పాతదానికి ఉద్వాసన చెప్పేటప్పుడు ఫొటోలు తీయకూడదు, రోటార్ ఎటు చూస్తోందో గీత పెట్టుకోకూడదు. ఎనిమిది వైర్లూ ఒక్క దెబ్బకు పీకేయాలి. వాటి వరస 1-8-4-3-6-5-7-2. కొందరికిది కంఠతా వచ్చు. కానీ జంట ఇంజన్లున్న కొన్ని పాత పడవల్లో ఒక ఇంజన్ ఎదురు దిక్కుకు తిరుగుతుంది, దాని వరస 1-2-7-5-6-3-4-8. ఏది ఏ ఇంజన్‌దో మరిచిపోతే సాయంత్రం దాకా కాలక్షేపమే. 5, 7 వైర్లను కట్టగట్టి ఉంచితే ఇంకా రంజుగా ఉంటుంది. అవి వరసగా పేలే పక్కపక్క సిలిండర్లు కావడంతో ఒకదాని కరెంటు రెండోదానికి దూకుతుంది.

ప్రతిష్ఠాపనలో అసలు సొగసంతా ఉంది. డిస్ట్రిబ్యూటర్ కింద ఉన్న గేరు పళ్ళు ఏటవాలుగా ఉంటాయి. కిందికి దింపుతుంటే రోటార్ తనంతట తానే కొంత పక్కకు తిరుగుతుంది. ఆ తిరుగుడును ముందే లెక్కేసి, అంత వెనక్కి పెట్టి దింపాలి. అప్పటికీ ఒక్కోసారి పావు అంగుళం పైనే ఆగిపోతుంది. కింద ఆయిల్ పంపు కడ్డీ గాడి కలవలేదన్నమాట. పొడుగాటి స్క్రూడ్రైవర్‌ను రంధ్రంలో దించి, ఆ కడ్డీని కొద్దిగా తిప్పి మళ్ళీ ప్రయత్నించడం పిరికివాళ్ళ పద్ధతి. వీరుడైతే 9/16 పాన పట్టుకుని క్లాంపు బోల్టుతోనే కిందికి లాగేస్తాడు. అక్కడినుంచి మరమ్మతు డిస్ట్రిబ్యూటర్‌ది కాదు, ఆయిల్ పంపుది.

మొదటి సిలిండర్ పిస్టన్ పైకి వచ్చిందో లేదో ముందున్న చక్రం మీది గీత చెబుతుంది, కానీ సగమే చెబుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఆ గీత రెండుసార్లు సున్నా దగ్గరికి వస్తుంది. ఒకసారి పేలడానికి, ఇంకోసారి పొగ వదలడానికి. ప్లగ్ తీసి రంధ్రం మీద వేలు పెడితే, వేలిని తోసేసే గాలి తేడా చెప్పేస్తుంది. వేలు పెట్టని యజమానికి కార్బ్యురేటర్ నుంచి తుపాకీ పేలినట్టు జవాబు వస్తుంది. 1940 ఏప్రిల్ తర్వాత బిగించిన పెట్రోల్ ఇన్‌బోర్డ్ ఇంజన్లకు కార్బ్యురేటర్ మీద మంటను ఆపే జాలీ ఉండాలన్నది ఇలాంటి జవాబుల కోసమే పెట్టిన నియమం.

ఇంజన్ అంటుకుందనుకుందాం. అప్పుడు పడవ ట్రెయిలర్ మీదే ఉంటే, నీళ్ళ గొట్టం తగిలించకుండా నడిపించి చప్పుడు విని ఆనందించవచ్చు. నీళ్ళ పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కాసేపటికే మాడి ముక్కలై ఆ ఆనందాన్ని ముగిస్తుంది. టైమింగ్ లైటు కొనడం దండగ అనేవారు చెవితోనే సరిచేస్తారు. థండర్‌బోల్ట్-5 ఇగ్నిషన్ ఉన్న 5.7 ఇంజన్లకు ప్రాథమిక టైమింగ్ 10 డిగ్రీలు. అదీ ఇగ్నిషన్ మాడ్యూల్ నుంచి వచ్చే ఊదా-తెలుపు వైరును ఎర్త్ చేసి చూస్తేనే. లేకపోతే మాడ్యూల్ తన ఇష్టం వచ్చినట్టు టైమింగ్‌ను జరుపుతుంది, లైటు చూపించే అంకెకు అర్థం ఉండదు. డిస్ట్రిబ్యూటర్‌ను 4 డిగ్రీలు తిప్పితే టైమింగ్ 8 డిగ్రీలు జరుగుతుందన్నది చెవికి తెలియదు. టైమింగ్ బాగా ముందుకు జరిగిన ఇంజన్‌ను పూర్తి బరువుతో పరుగెత్తిస్తే పిస్టన్లు కాలతాయి.

ప్రతి స్టార్టుకూ ముందు, ఇంజన్ గదిలోని ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ నాలుగు నిమిషాలు నడపాలని పడవలోనే రాసి ఉంటుంది. ఆ నాలుగు నిమిషాల్లో ఇంజన్ మూత ఎత్తి వాసన చూడటం బ్లోయర్ కంటే పాత పద్ధతి, దాన్ని మించినది ఇంకా రాలేదు.

కొత్త పడవలు కొనేవారికి ఈ వ్రతఫలం దక్కదు. జనరల్ మోటార్స్ 1997లో తెచ్చిన ఎల్ఎస్1 ఇంజన్‌కు డిస్ట్రిబ్యూటరే లేదు, సిలిండర్‌కొక కాయిల్ వచ్చింది. పడవల ఇంజన్లూ తర్వాత అదే దారి పట్టాయి. పాత పడవలున్నవారు మాత్రం మెరైన్ మెకానిక్‌కు మార్చిలోనే ఫోను చేసుకోవాలి. మే నెలాఖరున ఆయన కూడా సరస్సు మీదే ఉంటాడు, వేరేవాళ్ళ పడవలో.