కెప్టెన్ పట్టీ

2022 ఫిబ్రవరి. లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు వెస్ట్‌హామ్ డిఫెండర్ కర్ట్ జుమా తన ఇంటి వంటగదిలో పెంపుడు పిల్లిని కాలితో తన్నాడు. అది పారిపోతుంటే వెంటపడి చెప్పు విసిరాడు. ఓ పిల్లవాడి చేతుల్లో ఉన్న దాన్ని అరచేత్తో కొట్టి కింద పడేశాడు. తమ్ముడు యోన్ ఇదంతా ఫోన్‌లో తీసి స్నాప్‌చాట్‌లో పెట్టాడు. వీడియోలో నవ్వులు వినిపిస్తున్నాయి. నేను దాన్ని రెండోసారి చూడలేకపోయాను.

7వ తేదీన వీడియో పత్రికకెక్కింది. 8న వెస్ట్‌హామ్‌కు వాట్‌ఫర్డ్‌తో మ్యాచ్. ఆరు నెలల కిందటే దాదాపు 3 కోట్ల పౌండ్లు పోసి చెల్సీ నుంచి కొనుక్కున్న ఆటగాడు జుమా. కోచ్ డేవిడ్ మోయెస్ అతన్ని మొదటి పదకొండు మందిలోనే దింపాడు. గెలవడానికి తగిన జట్టును ఎంచడమే తన పని అన్నాడు. బంతి జుమా కాలికి తగిలినప్పుడల్లా స్టేడియంలో ఛీత్కారాలు. సొంత అభిమానులు కూడా గొంతు కలిపారు. వాళ్ళకు నా నమస్కారం. వెస్ట్‌హామ్ 1-0తో గెలిచింది.

మర్నాడు నష్టం మొదలైంది. క్లబ్బు స్పాన్సర్ వైటాలిటీ ఒప్పందాన్ని నిలిపేసింది. అడిడాస్ జుమాను వదులుకుంది. ఇంట్లోని రెండు పిల్లులనూ జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ తీసుకెళ్ళిపోయింది. అప్పుడు క్లబ్బు రెండు వారాల జీతం, సుమారు 2,50,000 పౌండ్లు, జరిమానా వేసి జంతు సంక్షేమానికి ఇస్తామంది. ఆటకు మాత్రం దూరం పెట్టలేదు.

తమ్ముడు యోన్ కూడా ఫుట్‌బాలరే. అప్పట్లో ఆడింది వెస్ట్‌హామ్ ఉన్న తూర్పు లండన్‌లోనే, ఐదో అంచె లీగ్‌లో ఉన్న డాగెన్‌హామ్ అండ్ రెడ్‌బ్రిడ్జ్‌కు. ఒక్క ఆటగాడు తగ్గినా లోటు తెలిసే చిన్న క్లబ్బు. ఆర్‌ఎస్‌పీసీఏ విచారణ ముగిసేదాకా అతను తమ తరఫున ఆడడని అది ప్రకటించింది. తన్నినవాడు మైదానంలో ఉన్నాడు, ఫోన్ పట్టుకున్నవాడు బయట కూర్చున్నాడు. తమ్ముడి తప్పు చిన్నదని నేననను. కానీ డబ్బున్న క్లబ్బు చేయలేని పనిని ఆ పేద క్లబ్బు చేసింది.

జూన్ 1న అన్నదమ్ములిద్దరికీ శిక్ష పడింది. అన్నకు 180 గంటల సమాజ సేవ, తమ్ముడికి 140 గంటలు. ఐదేళ్ళపాటు ఇద్దరూ పిల్లిని పెంచకూడదని కోర్టు ఆదేశించింది.

2023 ఆగస్టులో, కెప్టెన్ డెక్లాన్ రైస్ ఆర్సెనల్‌కు వెళ్ళిపోయాక, వెస్ట్‌హామ్‌కు కొత్త కెప్టెన్ కావలసి వచ్చాడు. కుర్రాళ్ళకు ఆదర్శంగా, జట్టుకు పెద్దగా నిలబడాల్సినవాడు కట్టుకునే ఆ పట్టీని మోయెస్ కర్ట్ జుమా చేతికి కట్టాడు.

ఇంట్లో ఒక పిల్లిని పెంచుకోవాలంటే మాత్రం ఆ కొత్త కెప్టెన్ 2027 జూన్ దాకా ఆగాల్సి ఉండింది.