గది పదిహేను డాలర్లు, ఏడుపు ఫ్రీ

పెరూ సీజన్ మళ్లీ మొదలైంది. థాంక్స్‌గివింగ్ సెలవులకి డల్లాస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ మనవాళ్లు బయల్దేరడం, మచు పిచ్చు ముందు చేతులు బారచాపి ఫొటో దిగడం పాత ముచ్చట. కుస్కో కూడా ఇప్పుడు "టూ కమర్షియల్" అయిపోయిందట. అందుకని బస్సెక్కి సరస్సు ఒడ్డునున్న పూనో అనే ఊరికి పోవాలి. సందులో చవక హోటల్ పట్టాలి. గది తలుపు మోచేత్తో తోసి, మంచమ్మీద వెల్లకిలా పడి, "ఎంతో గెస్ చేయండి గైస్!" అని ఫోన్‌కి చెప్పాలి. ఇదీ "రియల్ పెరూ". మీరింకా ఇలాంటి వీడియో చూడలేదంటే మీ మేనల్లుళ్లు మిమ్మల్ని గ్రూపులోంచి తీసేశారేమో కనుక్కోండి.

గెస్ చేశాను నాయనా. యాభై సోలెస్. పదిహేను డాలర్లకి కాస్త అటూ ఇటూ. మీ ఊళ్లో ఆ డబ్బుకి ఒక పూట కారు నిలుపుకోవడానికి చోటు దొరికితే గొప్ప.

అయితే ఆ పదిహేను డాలర్లతో తానేం కొన్నాననుకుంటున్నాడో తెలియాలంటే వీడియో చాలదు, మర్నాడు రాసే రివ్యూ చదవాలి. వీడియోలో గది స్వర్గం. రివ్యూలో అదే గది నరకం, అయిదుకి రెండు నక్షత్రాలు. హీటర్ లేదు. లిఫ్టు లేదు. వైఫై మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. రిసెప్షన్‌లో ఇంగ్లీషు రాదు (స్పానిష్, కెచువా, అయిమరా మూడూ నడిచే ఊళ్లో మనవాడికి కావలసింది నాలుగోది). వాడిన కాగితం కమోడ్‌లో వేయొద్దని గోడమీద బోర్డు పెట్టారు, ఛీ. పొద్దున రొట్టె, వెన్న, జామ్, టీ తప్ప ఇంకేం లేవు. రాత్రి వీధిలో బ్యాండు వాయించారు. మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. ఈ ఆఖరిదానికి కూడా కోతే! ఊరు 3,800 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండొంతులు కూడా ఉండదు. ఆ లోటుని హోటల్ యజమాని సొంత జేబులోంచి పూడ్చాలన్నమాట.

ఇవన్నీ చిల్లర. అసలు పురాణం వేడినీళ్లది.

"24 గంటలూ వేడినీళ్లు" అని అక్కడ చవక హోటల్ గుమ్మం మీద పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. రాసినవాణ్ని నేను వెనకేసుకు రాను. కానీ మనవాడు ఆ బోర్డుని సుప్రీంకోర్టు తీర్పులా చదువుతాడు. చదివి, తెల్లారగట్ల బట్టలు విప్పి, షవర్ కుళాయి కుడి నుంచి ఎడమ దాకా పూర్తిగా తిప్పి, కింద నిలబడి కెవ్వుమంటాడు. ఆ కేకకి సంగీతం తగిలించి వీడియో మొదట్లో పెడతాడు. ఆ తర్వాత షవర్ తలలోకి వెళ్తున్న రెండు కరెంటు తీగల్నీ, వాటికి చుట్టిన నల్ల టేపునీ దగ్గరగా చూపించి, "గైస్, డెత్ ట్రాప్!" అంటాడు. అప్పటికి స్నానం చేసి బతికే ఉన్నాడు.

ఆ తల లోపల ఉన్నది ఒక కాయిల్. గీజర్‌లా ట్యాంకు ఉండదు, ముందే కాచి నిలవ పెట్టడం ఉండదు. నీళ్లు దాన్ని దాటుకుంటూ పోయే ఆ రెండు క్షణాల్లోనే వేడెక్కాలి. 220 వోల్టుల మీద 5,500 వాట్లు లాగుతుంది, అంటే ఒక్క షవర్‌కే 25 ఆంపియర్లు. మేడమీద ట్యాంకులో రాత్రంతా చలికి నానిన నీళ్లు పది డిగ్రీల దగ్గర కిందికి దిగుతాయి. వాటిని ఒంటిమీద పోసుకోగలిగే 38 డిగ్రీలకి తేవాలంటే ఆ కాయిల్ వల్ల అయ్యేది నిమిషానికి మూడు లీటర్ల లోపే. కుళాయి కొంచెం తిప్పితే వేడినీళ్లు సన్నగా వస్తాయి. మొత్తం తిప్పితే చన్నీళ్లు ధారగా వస్తాయి. ఇందులో మోసం లేదు, భౌతికశాస్త్రం ఉంది.

నాకు మండేది ఇక్కడే. ఈ రివ్యూలు రాసేవాళ్లలో ఇంజనీరు కానివాణ్ని నేనింతవరకూ చూడలేదు. ద్రవ్యరాశి, విశిష్టోష్ణం, ఉష్ణోగ్రతల తేడా, మూడూ గుణించి ఎంసెట్‌లో బిట్టు కొట్టి ర్యాంకు తెచ్చుకున్నవాడే వాడు. ఆ ర్యాంకుతోనే బీటెక్, దాంతోనే ఎమ్మెస్, దాంతోనే ఆరంకెల జీతం, ఆ జీతంతోనే ఈ టికెట్టు. తీరా ఆ లెక్క జీవితంలో మొదటిసారి నెత్తిమీద పడిన రోజున వాడికి గుర్తొచ్చింది కన్జ్యూమర్ రైట్స్!

పైగా అందరికీ పొద్దున్న ఆరున్నరకే స్నానం కావాలి. సరస్సులో ఊరోస్ వాళ్ల తేలే దీవులకి పడవ పొద్దున్నే బయల్దేరుతుంది కదా. తుంగలాంటి తొతోరా గడ్డిని పొరలు పొరలుగా పేర్చి, కుళ్లిన కొద్దీ పైన కొత్త గడ్డి వేసుకుంటూ, నీళ్లమీద బతికే జనాన్ని చూడటానికి ముందు ఒంటికి షవర్ జెల్ రాసుకోవాలి. మూడు గదుల్లో మూడు షవర్లు ఒకేసారి తిప్పితే దీపాలు గుడ్డివై, ఆనక మొత్తం ట్రిప్ అవుతుంది. తువ్వాళ్లు చుట్టుకుని వరండాలోకి వచ్చి నిలబడిన మన జాతిని మీరొకసారి చూడాలి. ఒక్కడూ "నేను కాసేపాగి చేస్తాను" అనడు. తిరుమల కొండ మీద యాభై రూపాయల గది కోసం గంటల తరబడి లైన్లో నిలబడి, తాళంచెవి చేతికందగానే గోవిందా అనుకునేది ఈ కుటుంబాలే. అక్కడ నీళ్లు చల్లగా వస్తే అది కొండ చలి. వెంకన్నకి రెండు నక్షత్రాలిచ్చినవాడు నాకు తగల్లేదు.

రైస్ కుక్కర్ సంగతి కూడా చెప్పి ఊరుకుంటాను. సూట్‌కేసులోంచి కుక్కర్, సోనా మసూరీ, ఆవకాయ దిగుతాయి. ఆ ఎత్తున నీళ్లు 87 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి అన్నం పలుకుగా దిగుతుంది. దానికి హోటల్ వోల్టేజీని తిట్టడం. మూడు వేల పైగా రకాల బంగాళాదుంపలున్న దేశం, ఆ దుంపకి పుట్టిల్లనదగ్గ సరస్సు ఒడ్డు, అక్కడ కూర్చుని "తినడానికేం లేదు గైస్" అనడం.

నేనున్న హోటల్లో ఒక పొద్దున ఇలాగే కరెంటు పోయింది. రిసెప్షన్‌లో ఉండే ఆవిడ ప్లాస్టిక్ స్టూలు చంకన పెట్టుకుని పైకి వచ్చింది. మెయిన్ ఆపి, స్టూలెక్కి, ఫోన్ లైటు పళ్లమధ్య పెట్టుకుని, కాలిన తీగ ముక్క కత్తిరించి, కొత్తగా మెలిపెట్టి టేపు చుట్టింది. దిగి, నీళ్లు సన్నగా వదిలి, మణికట్టు కింద పెట్టి చూసి, తలూపింది. మొత్తం పదినిమిషాల పని. ఆ గదిలో దిగిన కుర్రాడు అంతసేపూ షూట్ చేస్తూనే ఉన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, మీరు తెలుగేనా? స్పానిష్ వస్తే కొంచెం చెప్పి పెట్టండి. హాట్ వాటర్ అని బోర్డు పెట్టి ఇవ్వకపోవడం చీటింగ్ కదా. హాఫ్ రీఫండ్ అడుగుదాం."

అంకుల్ అన్నందుకు సగం, అడుగుదాం అని నన్ను కలుపుకున్నందుకు సగం ఒళ్లు మండింది. నాకు రాదన్నాను. వాడే ఫోన్‌లో అనువాదం చేయించి ఆవిడ ముఖం ముందు పెట్టాడు. ఆవిడ చదువుకుంది. బల్ల సొరుగు లాగి పది సోలెస్ నోటొకటి తీసి ముందు పెట్టింది. చలికి వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి, ఎర్రగా గీతలు పడి ఉన్న చేతులు. "పెర్దోన్, సెన్యోర్" అంది.

తీసుకున్నాడు. నోటుకి ఫొటో కూడా తీసుకున్నాడు.

ఒరే అబ్బాయ్, ఆవిడ రాత్రి పడుకునేది ఆ బల్ల వెనక సోఫాలో, రగ్గు కప్పుకుని. కుస్కో నుంచి రాత్రి బస్సులో తెల్లారకుండా దిగి తలుపు కొట్టేవాళ్లకి లేచి తీసేది ఆవిడే. నీ కింద పరిచిన దుప్పటి మేడమీద సిమెంటు తొట్టిలో ఉతికింది ఆవిడే, ఆ తొట్టి నీళ్లకి ఏ కాయిలూ లేదు. జూన్, జూలైల్లో ఆ ఊళ్లో రాత్రి సున్నా కిందికి దిగుతుంది. పెరూలో కనీస వేతనం 2025 జనవరి నుంచి నెలకి 1,130 సోలెస్, నీ డాలర్లలో మూడు వందల చిల్లర. అదీ కాగితాలున్న ఉద్యోగానికి. ఆ దేశంలో పదిమంది పనిచేస్తుంటే ఏడుగురికి ఆ కాగితాలే లేవు. నువ్వు కట్టిన యాభైలోంచి బుకింగ్ సైటు కమీషన్ ముందే పోతుంది. నీ పదినిమిషాల స్నానానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు పోతుంది. విదేశీయుడివని పాస్‌పోర్టు చూపిస్తే గది అద్దెమీద అమ్మకం పన్ను కూడా నీకు పడదు. అదే గదిలో దిగే పెరూ బడిపంతులికి పడుతుంది. అమెరికా వీసా ఉందన్న ఒక్క కారణానికి ఆ దేశం 2017 నుంచీ నిన్ను విడిగా వీసా కూడా అడగడం లేదు. ఇన్ని మర్యాదలు పుచ్చుకుని, ఆఖరికి ఆ సొరుగులోంచి పది సోలెస్ లాక్కున్నావు.

గది చవగ్గా ఎందుకొచ్చిందనుకున్నావు? నీ తెలివితేటల వల్లనా? హీటర్ లేదు కాబట్టి వచ్చింది. రాత్రి కాపలాకి వేరే మనిషి లేదు కాబట్టి, ఎలక్ట్రీషియన్‌కి బదులు ఆవిడే స్టూలెక్కుతుంది కాబట్టి వచ్చింది. వీడియోలో "జస్ట్ ఫిఫ్టీన్ డాలర్స్!" అని నువ్వు కోసిన కోతకి, రివ్యూలో పెట్టిన ఏడుపుకి కారణం ఒక్కటే. ఒకదాన్ని ప్రతాపంగా, రెండోదాన్ని అన్యాయంగా చెప్పుకోవడానికి సిగ్గుండాలి.

ఇంకోటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ ఊరి హోటళ్లు 2020 మార్చిలో మూతపడ్డాయి. జనాభా లెక్కన కోవిడ్ చావులు ప్రపంచంలోకెల్లా ఎక్కువ నమోదైన దేశం పెరూ. కాస్త ఊపిరి తీసుకునేలోపు, 2022 డిసెంబర్ 7న అధ్యక్షుడు పెద్రో కస్తియ్యోని దించేశారు, దక్షిణాది జనం రోడ్డెక్కారు. 2023 జనవరి 9న పూనో పక్కనున్న జూలియాకాలో ఒక్కరోజే 17 మందికి తగ్గకుండా పౌరులు చనిపోయారు. విమానంలో వచ్చే మనవాళ్లు దిగేది ఆ జూలియాకాలోనే, ఆ నిరసన సాగింది ఆ ఎయిర్‌పోర్టు చుట్టుపక్కలే. ఆ తర్వాత నెలల తరబడి రోడ్లకి అడ్డాలు, గదులకి గిరాకీ లేదు. అంత జరిగాక కూడా తలుపు తెరిచి, దీపం పెట్టి కూర్చున్న చోటుకి పోయి "యాంబియెన్స్ డల్‌గా ఉంది" అని రాసినవాడిది ఏం చదువో నాకు బోధపడదు.

సరే, ఈ డిసెంబర్లో టికెట్లు తీసుకున్నవాళ్లు కొందరైనా ఇది చదువుతుంటారు. కుళాయి కొంచెమే తిప్పండి. అందరూ పొద్దున్నే ఎగబడకుండా మధ్యాహ్నం ఎండపూట స్నానం చేయండి, అప్పటికి ట్యాంకు నీళ్లకి కాస్త చలి విరుగుతుంది. మొదటిరోజు పరుగులు పెట్టకుండా కోకా ఆకుల టీ తాగి పడుకోండి. కుక్కర్ ఇంటి దగ్గర వదిలేయండి. హీటర్ లేనిదే కుదరదంటే అదే ఊళ్లో హీటర్లున్న హోటళ్లు ఉన్నాయి, వాటి ధర కట్టి అందులో దిగండి. కట్టబుద్ధి కాకపోతే బేరమాడకుండా ఈ గదిలోనే పడుకోండి. మంచమ్మీద దిట్టమైన కంబళ్లు ఉంటాయి. చాలకపోతే అడగండి, ఇంకోటి తెచ్చి ఇస్తారు. దానికి డబ్బులు తీసుకోరు.